మూలబడిన మోటారు సైకిలు

మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఏ వీధి కేగినను, ఏదో యొక యింటి వసారాలో గోనెపట్టా కప్పుకొని నిలిచియున్న మోటారు సైకిలు కనబడకపోదు. యజమాని పెద్దవాడై నడుపలేక మానినవి కొన్ని, కుమారుడు అమెరికాకో హైదరాబాదుకో పోగా మిగిలినవి కొన్ని, యజమాని కాలధర్మము చెందగా ఇల్లాలు అమ్ముటకు మనసొప్పక ఉంచినవి కొన్ని. ఇట్టి బండిని ఏనాడో యొకనాడు ఎవరో వచ్చి తిరిగి నడుపవలె ననుకొందురు. ఆ దినమున ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను విషయమును గూర్చి నేడు ముచ్చటింతును.

తెలుగు పండితునకు యంత్రముతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. వ్యాకరణమును కావ్యములను చదువుకొని, ఉన్నత పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను. బదిలీలు కాలువ గట్ల వెంబడి నున్న యూళ్లకే జరిగెడివి. ఆ యూళ్లకు బస్సు ఉదయమొకటి, సాయంకాలమొకటి. అందువలన 1986లో బుల్లెటు బండి యొకటి కొనవలసి వచ్చినది. దారిలో అది యాగినచో మెకానికు ఎక్కడనో దూరమున నుండెడివాడు. బడిగంట మాత్రము ఆగదు. కావున పాఠములతో పాటు ఈ విద్యయు కొంత నేర్చికొనక తప్పలేదు. నా చేతిసంచిలో పాఠ్యపుస్తకము ప్రక్కనే ప్లగ్గు పానా యుండెడిది.

నేను ముఖ్యముగా చెప్పదలచిన దొక్కటియే. ఏండ్ల తరబడి నిలిచిన బండికి ఆ యేండ్లలో కలిగిన చెరుపు సామాన్యముగా బాగుచేయదగినదే యగును. దానిని లేపవచ్చినవాడు మొదటి పది నిమిషములలో చేసెడి చెరుపు పలుమారు బాగుచేయరానిదగును. పట్టాను లాగివైచి, టాంకులో లీటరు క్రొత్త పెట్రోలు పోసి, కిక్కు మీదికెక్కి దుముకుట మనవారి వాడుక. ఆ దుముకులో ఇంజను లోపల నేమి జరుగునో వినుడు.

సిలిండరు గోడకును పిస్టనునకును నడుమ నెల్లప్పుడును పలుచని నూనె పొర యుండవలెను. బండి నిలిచిన కొలది నెలలకే ఆ పొర క్రిందికి జారిపోవును. గోడ పొడిబారి, మన తేమగాలికి సన్నని తుప్పు పట్టును. పిస్టను చుట్టునున్న రింగులు ఆ తుప్పుతో గోడకు అంటుకొనును. అట్టి స్థితిలో మనిషి బరువంతయు కిక్కుపై పడినచో, ఇనుప రింగు తుప్పు పొడిని ఆకురాయివలె గోడపై రాచును. గీత పడిన సిలిండరునకు బోరు చేయించుట తప్ప మార్గము లేదు. అదే సమయమున టాంకు అడుగున నిలిచిన జిగురును మట్టియు క్రొత్త పెట్రోలుతో కలిసి కార్బురేటరులోనికి దిగును. పైనున్న వాల్వుల యొద్దకు నూనె యింకను చేరియుండదు. ఇన్ని యనర్థములు ఒక్క కాలి తాపునకు!

ఆయుర్వేదమున శోధన చికిత్స చేయించుకొన్నవానికి వెంటనే విందు పెట్టరు. మొదట పేయ, అనగా పలుచని గంజి. పిమ్మట విలేపి, అనగా చిక్కని జావ. ఇట్లు మెట్టుమెట్టుగా జఠరాగ్నిని లేపుదురు. దీనికి సంసర్జన క్రమమని పేరు. ఇంజనులోని యగ్నిని లేపుటకును ఇట్టి క్రమమే కావలెను.

తెనాలిలో నా శిష్యుడొకడు కాలము చేసి పదునొకండేండ్లయ్యెను. అతడు నడిపిన బుల్లెటు అప్పటినుండి ధాన్యపు బస్తాలు వేయు గదిలో నిలిచియున్నది. పాత యినుము కొనువారు ఎన్నిమారులు వచ్చినను అతని భార్య అమ్మనీయలేదు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగస్థుడు. ఒక సంక్రాంతికి వచ్చి, “మాస్టారూ, నాన్నగారి బండి మీద అమ్మను భోగినాటికి అమ్మమ్మగారి ఊరికి తీసికొనిపోవలెనండి” యనెను. భోగికి మూడు దినములే యున్నవి. అంతకుముందే ఒక షెడ్డువాడు వచ్చి చూచి, కిక్కు దిగలేదు గనుక ఇంజను పట్టివేసినదనియు, బోరు, పిస్టను, సమస్తమును మార్చవలెననియు, లేకున్న ఇనుము క్రింద తూచి యిచ్చివేయుట మేలనియు తీర్పు చెప్పి పోయెనట. తల్లి ఆ మాట విని వంటింటిలోనికి పోయి మరల రాలేదు. “నాయనా, భోగి మరల వచ్చును. నీవు ముందు ఆ కిక్కు జోలికి పోకుము” అని నేనంటిని.

కిక్కు దిగలేదన్నంతమాత్రమున ఇంజను చెడినదని నిశ్చయింపరాదు. ప్లగ్గు చుట్టునున్న మట్టిని మొదట ఊది తుడిచి, పిమ్మట ప్లగ్గును విప్పితిమి. ఆ రంధ్రమున ఇంజను నూనెయు డీజిలును సమముగా కలిపి రెండు మూడు చెంచాలు పోసి, గుడ్డ యుండ నుంచి విడిచితిమి. మరునాడును అట్లే. నూనె రింగుల సందులలోనికి ఇంకుటకు కాలము పట్టును. సుత్తితో మొత్తిన మాత్రమున త్వరగా నింకదు. ప్రతిదినమును బండిని పెద్ద స్టాండుపై నిలిపి, నాలుగవ గేరులో పెట్టి, వెనుక చక్రమును చేతులతో ముందునకు ఒకమారు, వెనుకకు ఒకమారు మెత్తగా ఒత్తి చూచెడివారము. పెద్ద గేరులో చక్రము తిప్పినచో ఇంజను నెమ్మదిగా తిరుగును. చేతికి లోపలి సంగతి తెలియును. కాలికి అట్టి తెలివి లేదు. ఐదవనాడు పిస్టను గోరంత కదలెను. ఆరవనాడు చక్రముతోపాటు నిండుగా తిరిగెను. బోరు అక్కరలేకపోయెను. పండుగ మాత్రము గడచిపోయినది. కుఱ్ఱవాడు ఉగాదికి వత్తునని హైదరాబాదు వెడలెను. నాకును అదియే కావలసినది. మిగిలిన పనిని తీరికగా చేయవచ్చును.

పాత బుల్లెటునకు ఒక విచిత్రమైన గుణము కలదు. దీని నూనె ఇంజను పెట్టెలోనే వేరొక అరలో నుండును. బండి చాలకాలము నిలిచినచో ఆ నూనె పంపు సందుల గుండ క్రమముగా క్రింది భాగములోనికి దిగిపోవును. కొలతపుల్ల తీసి చూచినవాడు నూనె లేదనుకొని క్రొత్తది నిండుగ పోయును. ఇక బండి కదలినంతనే అధికమైన నూనె పొగయై, గాలిగొట్టము వెంట కారి, వీధియంతయు భయపడును. కావున అడుగున నున్న బిరడాలన్నియు విప్పి, ఉన్న నూనెను పూర్తిగా దింపి, పిమ్మటనే క్రొత్తది పోయవలెను. ప్లగ్గు లేకుండ ఇరువది ముప్పది మారులు కిక్కును నెమ్మదిగా త్రొక్కి, సిలిండరు తలపైకి పోవు సన్నని నూనెగొట్టపు మరను కొంచెము వదులు చేసి చూచినచో అక్కడ నూనె చెమర్చవలెను. అది కనబడువరకు ప్లగ్గు బిగింపరాదు.

క్లచ్చి పలకలు ఒకదానితో నొకటి అంటుకొనుట సామాన్యము. బుల్లెటులో క్లచ్చి మీటను నొక్కిపట్టి కిక్కు త్రొక్కినచో పలకలు విడివడును. అది చూచుకొనకయే ఇంజను నడిపించి గేరు వేసినచో బండి ఎగిరి గోడను తాకును.

ఇక టాంకు. మూత తీసి వాసన చూడుడు. మంచి పెట్రోలు వాసన ముక్కునకు చురుకుగా తగులును. మురిగినది వార్నీషు వలె ముతక వాసన వేయును. ఇప్పటి పెట్రోలు విషయమున మరియొక సంగతి కలదు. 2025 నాటికి మన దేశపు బంకులలో నమ్ము పెట్రోలున నూటికి ఇరువది పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నీరు మితిమీరినప్పుడు ఆ రెండును కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగునకు చేరును. టాంకు అడుగు తుప్పు పట్టుటకును, పాత రబ్బరు గొట్టములు ఉబ్బి పగులుటకును ఇది తోడగును. కావున పాత బండికి గొట్టమును, రబ్బరు వాషర్లను క్రొత్తవి వేయుట మంచిది. వాని వెల స్వల్పము. బండిని మరల కొన్ని నెలలు నిలుపవలసి వచ్చినచో టాంకును సగము వెలితిగా ఉంచరాదు.

పాత పెట్రోలును దింపునపుడు మిక్కిలి జాగ్రత్త కావలెను. దాని యావిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరమున నున్న నిప్పును అందుకొనును. మన యిండ్లలో సంధ్యవేళ తులసికోట యొద్ద దీపము పెట్టుదురు. వసారా చివర పొయ్యి యుండును. ఈ పని పగటివేళ, ఆరుబయట, దీపము గాని చుట్ట గాని లేని చోట చేయవలెను. టాంకు ఖాళీ యైనది గదా యని ధైర్యపడరాదు. నిండిన టాంకుకంటె ఆవిరి మిగిలిన ఖాళీ టాంకే ప్రమాదకరము. చిల్లి కనబడినదని నేరుగా వెల్డింగు షెడ్డునకు తీసికొనిపోవుట ప్రాణముతో చెలగాటమాడుటయే.

లోపల తుప్పున్నచో కొందరు మరుగుదొడ్లు కడుగు ఆసిడు పోయుదురు. అది తుప్పుతోపాటు రేకునుకూడ తినును, మరునాడే క్రొత్త తుప్పు తెచ్చును. నేను చింతపండు వాడుదును. మన వంటింటి యిత్తడి గిన్నెలు దేనితో మెరయుచున్నవో దానినే! టాంకును నీటితో బాగుగ కడిగి, చిక్కని చింతపండు రసమును గుడ్డలో వడగట్టి వేడినీటితో కలిపి పోసి, గుప్పెడు మరచీలలు వేసి యాడించి, రెండు రాత్రులుంచి, రంగు మారిన రసమును పారబోయవలెను. వంటసోడా కలిపిన నీటితోను, పిమ్మట మంచినీటితోను కడిగి, మరచీలలను లెక్కపెట్టి తీసి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, వెంటనే కొంచెము నూనె కలిపిన పెట్రోలును లోపల తిప్పవలెను. ఆలసించినచో తడి రేకు ఒక్కపూటలో మరల ఎఱ్ఱబారును. ఆసిడుకంటె ఇది నిదానమైన పద్ధతి. మాకు మూడుమారులు చేయవలసి వచ్చెను.

కార్బురేటరులోని జెట్లను ఇనుప తీగతో పొడుచుట మానుడు. ఆ రంధ్రము వెంట్రుకవాసి పెద్దదైనను పెట్రోలు లెక్క తప్పును. ద్రావకముతో నానబెట్టి గాలితో ఊదుట చాలును. ధాన్యపు గదిలో నిలిచిన బండి గనుక మాకు ఇంకొక విశేషము ఎదురయ్యెను. గాలి ఫిల్టరు పెట్టెనిండ వరిపొట్టును, ఎలుకలు కొరికిన గోనెపీచును ఉండెను. సైలెన్సరును వంచి కొట్టగా దోసెడు వడ్లు రాలినవి. సీటు క్రింది తీగెలు రెండు చోట్ల తెగియుండెను. మట్టితో గూడు కట్టు కందిరీగలును ఇట్టి గొట్టములను వదలవు. ఎలుక కొరికిన తీగెకు టేపు చుట్టి యూరకుండరాదు. రాగి పచ్చబడినంత మేర కోసి క్రొత్త తీగె వేయవలెను.

నిప్పురవ్వను చూచునపుడు పెట్రోలు దూరముగ నుండవలెను. పాత బుల్లెటులో రెండు పాయింట్లు తెరచి మూసికొనుచుండగా రవ్వ పుట్టును. వాని ముఖములపై పట్టిన మరకను సన్నని గరుకు కాగితముతో రుద్ది, అంగుళమున వేయింట పదునైదు పాళ్ల యెడము పెట్టితిమి. ప్లగ్గునకు వేయింట ఇరువది. రవ్వ నీలముగ చిటపటలాడినచో మంచిది. పసుపుపచ్చగా నీరసించినచో బ్యాటరీని గాని కాయిలును గాని అనుమానింపవలెను. పదునొకండేండ్లు నిలిచిన బ్యాటరీ యెట్లును పనికిరాదు. చార్జి చేసి కాలము పోగొట్టుకొనవద్దు.

ఇంతవరకు చెప్పినది పొడిచోట నిలిచిన బండి సంగతి. బాపట్ల వైపు ఉప్పుగాలి. సూర్యలంక తీరము పట్టణమునకు తొమ్మిది కిలోమీటర్ల దూరమే. అక్కడి యిండ్లలో యెజ్డీ, రాజదూతు వంటి రెండు స్ట్రోకుల బండ్లు ఇప్పటికిని కనబడును. మైసూరులో 1961 నుండి 1996 వరకు నడచిన కర్మాగారమున జావా, యెజ్డీ బండ్లు తయారైనవి. వీనిలో క్రింది పెట్టెయందు నూనె నిలువ యుండదు. పెట్రోలులో కలిపిన నూనెయే క్రాంకు బేరింగులకు ఆధారము. బండి నిలిచినచో పెట్రోలు ఆవిరియై, మిగిలిన నూనె జిగురగును; ఉప్పుతేమ బేరింగులను తినును. బయటికి నిగనిగలాడు యెజ్డీయైనను బాపట్లదైనచో నేను ముందుగా క్రాంకును చేతితో ఆడించి చూతును. గరగర వినబడెనా, విప్పి తీరవలసినదే; అక్కడ నూనె పోసి నానబెట్టుట వలన ప్రయోజనము లేదు. చక్రపు చువ్వలను ఒక్కొక్కటిగా మీటి చూడుడు. వీణ తంత్రులవలె ఒకే తీరున మ్రోగవలెను. బొద్దుగా పలికినది తుప్పుతో సన్నగిల్లినదో, వదులైనదో యగును.

రేపల్లె వారి కష్టము వేరు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజి నుండి పదునొకండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడువగా, కృష్ణ క్రింది లంకలు మునిగినవి. ఎందరి జీవనాధారమో యైన బండ్లు సీటు వరకు నీటిలో నిలిచినవి. ఇక్కడ నేను చెప్పిన నిదానము పనికిరాదు. నీరు తీసిన దినముననే పని మొదలుపెట్టవలెను. వారము గడచినచో వండ్రుమట్టి ఎండి సిమెంటగును. అయినను తాళము త్రిప్పరాదు, కిక్కు త్రొక్కరాదు. గాలి వలె నీరు అణగదు. సిలిండరులో నీరుండగా పిస్టనును బలవంతముగ పైకి త్రోసినచో కనెక్టింగు రాడ్డు వంగును. ముందు బ్యాటరీ తీగె విప్పి, ప్లగ్గు తీసి, చక్రము తిప్పి నీరు కక్కించి, నూనె దింపవలెను. ఆ నూనె పాలు కలిపిన కాఫీ రంగున నున్నచో నీరు చేరినట్లే. చవుక నూనె పోసి, ఇంజను కొంచెము నడిపి దింపి, తెల్లదనము పోవువరకు అట్లు రెండు మూడు మారులు చేయవలెను. బ్రేకు డ్రమ్ములను విప్పి కడుగుట మరువరాదు. బండి నడచినది చాలునని సంతోషించి, బ్రేకులలో వండ్రుమట్టితోనే రోడ్డెక్కినవారిని చూచితిని.

కుఱ్ఱవాడు ఉగాదికి ముందునాడు వచ్చెను. డీకంప్రెషరు మీటను, ఆమీటరు ముల్లును ఎట్లు వాడవలెనో చూపితిని: కిక్కును మెల్లగా దింపగా ముల్లు మధ్యకు వచ్చి నిలుచును, అప్పుడు మీట నొక్కి పిస్టనును ఇంకొక కొంచెము దాటించి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, ఒక్క నిండు తాపు. నాలుగవ తాపునకు ఇంజను పలికెను. సైలెన్సరు నుండి మొదట నల్లని పొగయు, వెనువెంట మిగిలిన వరిపొట్టును వెడలినవి. అతని తల్లి గుమ్మము వరకు వచ్చి నిలిచెను గాని ఏమియు ననలేదు. మూసిన గదిలో ఇంజను నడుపరాదు. ఆ పొగకు వాసన తెలియని విషమున్నది. బండిని ముందుగనే వాకిటికి తెచ్చియుంటిమి.

అప్పుడే అమ్మను ఎక్కించుకొందు ననెను. నేను ఒప్పుకొనలేదు. టైర్ల ప్రక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూపితిని. మొదటి రెండును వారము, తరువాతి రెండును సంవత్సరము. అవి అతడు బడిలో చదువుకొనుచుండగా తయారైన టైర్లు. గీతలు లోతుగనే యున్నను, రబ్బరు ప్రక్కన నెఱ్ఱెలు విచ్చియుండెను. రెండును మార్పించితిమి. మొత్తము ఖర్చులో ఇదియే పెద్దది. కాగితముల విషయమును ముందే సరిచేసికొనియుండెను: బండి అతని పేర మారవలెను, పదునైదేండ్లు దాటిన నమోదును పొడిగించుకొనవలెను, మూడవవారి బీమా యుండవలెను. రేపల్లె వారికి ఒక్క మాట. 2022 ఏప్రిలు నుండి మీ యూరు బాపట్ల జిల్లాలో చేరినది; పాత పత్రముపై గుంటూరు అని యున్నంత మాత్రమున కంగారుపడ నక్కరలేదు.

ఇంకొక సంగతి అన్నిటికంటె ముఖ్యము. పాత బుల్లెటులో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నేటి బండ్లలో అది తారుమారు. ఆపదలో మనిషి ఆలోచింపడు, అలవాటు చొప్పున కాలు కదలును. బ్రేకనుకొని కుడికాలిని నొక్కినచో బండి ఆగదు, గేరు మారును. అందుచేత రెండు ఉదయములు కాలువ గట్టుపై, జనసంచారము లేని వేళ, నేను ఎదుట నిలిచి చేయి యెత్తినప్పుడెల్ల అతనిచే ఆపించితిని. మొదటి దినమున పదిమారులలో నాలుగుమారులు తప్పు కాలే కదలెను. రెండవ దినమున ఒక్కమారును తప్పలేదు. మూడవనాడు తల్లిని ఎక్కించుకొని ఊరికి పోయి, చీకటి పడకముందే తిరిగి వచ్చెను.

నూరు కిలోమీటర్లు నడచిన పిమ్మట నూనెను మరల దింపితిమి. అడుగున పళ్లెము పెట్టి చూడగా కాటుకవలె నల్లగా, సన్నని తుప్పు పొడితో దిగినది. క్రొత్త నూనె పోసి, వాల్వు కడ్డీలు చల్లని ఇంజనులో వ్రేళ్లతో తిరుగునట్లును పైకి క్రిందికి ఆడకుండునట్లును సరిచేసి, చైను బిగించితిమి. వేసవి సెలవులలో వచ్చి దింపినప్పుడు నూనె తేనెరంగున నుండెను.